ముప్పై అయిదేళ్లకు మళ్లీ కాలిక్యులస్: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ నుంచి ఇంజినీరింగ్‌కు ఏ దారి మేలు?

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, గొంతు కాస్త తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "నేనూ చదువులో చేరదామనుకుంటున్నాను, ఏ కమ్యూనిటీ కాలేజీ మంచిది?" కమ్యూనిటీ కాలేజీ అంటే డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ. అడిగేది ఎక్కువగా పిల్లలు బడికి వెళ్లే వయసుకొచ్చిన తల్లులు. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే: "చివరికి ఏ క్యాంపస్‌లో, ఏ బ్రాంచిలో డిగ్రీ తీసుకోవాలని?" అది తేల్చుకోకుండా కాలేజీ ఎంచుకోవడమంటే, దిగాల్సిన ఊరు చెప్పకుండా కండక్టరును టికెట్టు అడగడమే.

నా సంగతి ముందే చెబుతాను, సలహా ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియాలి కదా. 2004లో తెలుగు మాధ్యమంలో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాను. బీఎస్సీ రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగింది. 2022లో కమ్యూనిటీ కాలేజీలో చేరి, ఆరు సెమిస్టర్ల తరువాత శాన్‌హోసే స్టేట్ విశ్వవిద్యాలయానికి మారి, ఇప్పుడు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. నాలుగు సెమిస్టర్లలో అయ్యే పని ఆరు ఎందుకు పట్టిందో కింద చెబుతాను. ఈ వ్యాసంలో అన్నిటికంటే పనికొచ్చే సంగతి అదే కావచ్చు.

మన ఊళ్లలో పాలిటెక్నిక్ చదివినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా, కమ్యూనిటీ కాలేజీ నుంచి విశ్వవిద్యాలయానికి మారడం, అంటే ట్రాన్స్‌ఫర్, దూరం నుంచి చూస్తే అలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రవేశ పరీక్ష లేదు. మొదటి రెండేళ్ల గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్ కమ్యూనిటీ కాలేజీలో చదివి, ఆ మార్కులతోనే విశ్వవిద్యాలయం మూడో ఏడాదికి దరఖాస్తు చేస్తాం. పరీక్ష ఒక్క రోజు కాదు, ఆ రెండేళ్లూ పరీక్షే.

ముందుగా: మీ చేతిలో డిగ్రీ ఉందా?

ఇది అడగకుండానే చాలామంది ఫీజు కట్టేస్తారు. ఇండియాలో బీటెక్, బీకాం, బీఎస్సీ ఏదైనా పూర్తిచేసి ఉంటే, బ్యాచిలర్ డిగ్రీ కోసం ట్రాన్స్‌ఫర్ అయ్యే దారి మీకు చాలావరకు మూసుకుపోయినట్లే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ క్యాంపస్‌లు, రెండో బ్యాచిలర్ డిగ్రీకి దాదాపుగా చోటివ్వవు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, అంటే సీఎస్‌యూలో, క్యాంపస్‌ను బట్టీ కోర్సును బట్టీ మారుతుంది. ఒక ఏడాది తెరిచిన తలుపు మరుసటి ఏడాది మూస్తారు.

మా పై అంతస్తులో ఉండే అక్క బీకాం. కంప్యూటర్ సైన్స్‌లో మళ్లీ బ్యాచిలర్స్ చేస్తానని ఏడాదిపాటు ఇంగ్లిషు, చరిత్ర, కమ్యూనికేషన్ లాంటి సాధారణ విద్యా కోర్సులు పూర్తిచేసింది. అవేవీ ఆమెకు అక్కర్లేదు. ఆమెకు కావలసినవి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, కాలిక్యులస్ మాత్రమే. వాటిని ఇక్కడ చదివి, నేరుగా ఎంఎస్‌కు దరఖాస్తు చేయాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు నా సలహా ఇదే: కమ్యూనిటీ కాలేజీని ఎంఎస్‌కు ముందు మెట్టుగా వాడుకోండి. అయితే మూడేళ్ల డిగ్రీని అమెరికా నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూసే విశ్వవిద్యాలయాలు కొన్నీ చూడనివి కొన్నీ ఉన్నాయి. మీరు కోరుకున్న ఎంఎస్ విభాగానికి ముందు ఒక ఈమెయిలు రాసి, ఆ తరువాతే ఫీజు కట్టండి.

నాలాగా మధ్యలో ఆగినవాళ్లకు ట్రాన్స్‌ఫర్ దారి తెరిచే ఉంది. ఒక్కటి మరవకూడదు: ఆగిపోయిన చదువునూ దరఖాస్తులో చూపించాలి. "రెండో ఏడాదే కదా, ఎవరికి తెలుస్తుంది" అనుకుని దాచడం పెద్ద తప్పు. ఆ పాత కాలేజీ నుంచి సీలు వేసిన మార్కుల పత్రం తెప్పించుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మా మేనమామ నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాడు. కనుక అది చేరిన రోజే మొదలుపెట్టండి.

వీసా, ఫీజు

కాలిఫోర్నియా నివాసిగా గుర్తింపు ఉంటే కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కు, అంటే క్రెడిట్‌కు, 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 యూనిట్లకూ కలిపి 2,760. నివాసి కాకపోతే యూనిట్‌కు 300 డాలర్లు దాటుతుంది. హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా, మీద ఉన్నవాళ్లు కూడా రాష్ట్రంలో ఏడాదికి పైగా ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశాన్ని పన్ను పత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఒప్పందం లాంటివాటితో చూపగలిగితే నివాసి ఫీజుకు అర్హులే. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది ఆరు రెట్లకు పైగా కట్టినవాళ్లను చూశాను. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా, వాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

మరి హెచ్-4, ఎఫ్-1లలో ఏది మేలు? ఫీజు చూస్తే హెచ్-4. పార్ట్‌టైమ్‌గా, ఒక్క కోర్సుతోనైనా చదవవచ్చు. ఎఫ్-1కు సెమిస్టరుకు 12 యూనిట్లు తప్పనిసరి. కానీ ఇంజినీరింగ్‌లో వేసవి ఇంటర్న్‌షిప్ లేకుండా ఉద్యోగం దొరకడం కష్టం. హెచ్-4కు పని అనుమతి పత్రం లేకపోతే జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చేయడానికి వీల్లేదు. ఎఫ్-1లో చదువుకు సంబంధించిన పని అనుమతి ఉంది, డిగ్రీ తరువాత సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు మొత్తం 36 నెలలు పనిచేసే వీలుంది. భర్తకో భార్యకో ఐ-140, అంటే కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషను, ఆమోదం అయి మీకు పని అనుమతి ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు, హెచ్-4లోనే ఉండండి. లేకపోతే కమ్యూనిటీ కాలేజీ హెచ్-4లో పూర్తిచేసి, విశ్వవిద్యాలయానికి మారేముందు ఎఫ్-1 గురించి వకీలుతో మాట్లాడండి. అక్కడ నివాసి ఫీజు చేజారే ప్రమాదం ఉంది. ఏది ఎక్కువ ఖర్చో లెక్క వేసుకోవాల్సింది ఆ దశలోనే.

సమాఖ్య ప్రభుత్వ ఆర్థిక సహాయం ప్రధానంగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు. గ్రీన్‌కార్డు వచ్చిన మరుసటి రోజే దరఖాస్తు చేయండి. వయసుతో సంబంధం లేదు.

అసలు చిక్కు గొలుసులో ఉంది

మా అమ్మ జడ అల్లేటప్పుడు మధ్యలో ఒక పాయ జారితే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేది. ఇంజినీరింగ్ ముందు చదువు సరిగ్గా అలాంటిదే. కాలిక్యులస్ 1 పూర్తయితే గానీ యాంత్రిక శాస్త్రం, అంటే మొదటి ఫిజిక్స్ కోర్సు, తీసుకోలేం. కాలిక్యులస్ 2, ఆ ఫిజిక్స్ రెండూ అయితే గానీ విద్యుత్తు, అయస్కాంతత్వం కోర్సు దొరకదు. అది అయితే గానీ సర్క్యూట్స్ లేదు. మరో పక్క కాలిక్యులస్ 3, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. కాలిక్యులస్ 1తో మొదలుపెడితే, ఎంత పరుగెత్తినా నాలుగు సెమిస్టర్ల కంటే తక్కువలో ఈ గొలుసు పూర్తికాదు. డబ్బున్నా తెలివున్నా తగ్గదు.

నా గొలుసు మూడో సెమిస్టరులో తెగింది. విద్యుత్తు, అయస్కాంతత్వం కోర్సుకు మా కాలేజీలో సాయంత్రం ఒక్కటే సెక్షను ఉండేది. చేరినవాళ్లు తక్కువయ్యారని మొదటి వారంలోనే రద్దు చేశారు. పగటి సెక్షను పిల్లలను బడి నుంచి తెచ్చే వేళకు పడింది. తిరిగి సాయంత్రం పెట్టింది ఏడాది తరువాత. ఆ ఏడాది నేను ఊరికే కూర్చోలేదు. లీనియర్ ఆల్జీబ్రా, సీ++ చదివాను. కానీ గొలుసు మాత్రం అక్కడే ఆగింది.

కనుక కాలేజీని పోల్చేటప్పుడు పేరు, భవనాలు, పార్కింగు పక్కన పెట్టి, గత నాలుగు సెమిస్టర్ల తరగతుల పట్టిక తీసి చూడండి. మీకు కావలసిన ఫిజిక్స్, గణిత కోర్సులు సాయంత్రం ఎన్నిసార్లు పెట్టారు? స్టాటిక్స్, సర్క్యూట్స్ ఏటా పెడతారా, రెండేళ్లకోసారా? చిన్న కాలేజీల్లో పై స్థాయి కోర్సులు ఏడాదికి ఒక్కసారే ఉంటాయి. ఒక కాలేజీలోనే అన్నీ చదవాలన్న నియమం లేదు. ఆ రద్దు జరిగిన వారం నేను పక్క కాలేజీ పట్టిక చూసి ఉంటే ఏడాది మిగిలేది. కోపంతో నాలుగు రోజులు వృథా చేశాను, ఆలోగా అక్కడ సీట్లు నిండిపోయాయి.

బే ఏరియాలో మరో ఎంపిక ఉంది: క్వార్టర్ కాలేజీయా, సెమిస్టర్ కాలేజీయా? కూపర్టినోలోని డి ఆంజా, లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతి. అంటే దాదాపు 12 వారాల్లో కోర్సు అయిపోతుంది, ఏడాదికి మూడు. ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, శాంటా క్లారాలోని మిషన్, లివర్‌మోర్‌లోని లాస్ పోసిటాస్, హేవర్డ్‌లోని షాబో సెమిస్టర్ పద్ధతి. డి ఆంజాలో కాలిక్యులస్ నాలుగు క్వార్టర్లు, ఫిజిక్స్ నాలుగు క్వార్టర్లు. కాలిక్యులస్ 1 అక్కడ చదివి రెండోది ఇంకోచోట చదివితే పాఠాలు అతకవు, మధ్యలో ఒక అధ్యాయం ఎగిరిపోతుంది. క్వార్టర్ మొదలుపెడితే ఆ వరుస అక్కడే పూర్తిచేయండి.

పిల్లలున్న పెద్దవాళ్లకు నా ఓటు సెమిస్టరుకే. క్వార్టరులో మూడో వారానికే మొదటి పరీక్ష ముంచుకొస్తుంది. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి నాలుగు రోజులు పోతే కోలుకునే వ్యవధి ఉండదు. పెళ్లికాని పాతికేళ్ల కుర్రాడైతే డి ఆంజాకు వెళ్లమంటాను. గొలుసు తొందరగా కదులుతుంది, ట్రాన్స్‌ఫర్‌కు పేరున్న కాలేజీ కూడా.

ఎన్ని కోర్సులు అన్నది ఇంకో ప్రశ్న. ఒక యూనిట్‌కు వారానికి మూడు గంటలు పని అని లెక్క: తరగతిలో ఒకటి, బయట రెండు. కాలిక్యులస్, ఫిజిక్స్ కలిపి 10 యూనిట్లంటే వారానికి 30 గంటలు. నాకు అంతకు మించి సాధ్యం కాలేదు. పదహారేళ్ల విరామం తరువాత మొదటి సెమిస్టరులో ఒక్క కాలిక్యులస్ తీసుకోవడమే మేలు. కొత్త చట్టాల వల్ల ఇప్పుడు చాలా కాలేజీలు కింది స్థాయి గణితాన్ని తగ్గించి, సైన్స్ విద్యార్థులను నేరుగా కాలిక్యులస్‌లో కూర్చోబెడుతున్నాయి. కొన్నిచోట్ల సహాయ తరగతి జోడిస్తారు, ఉంటే తప్పకుండా తీసుకోండి. వేసవిలో ఇంటర్ త్రికోణమితి తిరగేసి వెళ్లడం అంతకంటే మంచిది.

నాకు తెలుగు మాధ్యమం అడ్డవుతుందని భయపడ్డాను. మొదటి వారం ప్రొఫెసరు బోర్డు మీద రాస్తుంటే, "ఇవి మన అవధులు, అవిచ్ఛిన్నత కదా" అని లోపల ఎవరో పలికినట్లయింది. తరువాతి సెమిస్టరులో, ఫిజిక్స్ ల్యాబులో గాలి పట్టా (ఎయిర్ ట్రాక్) మీద బండి జార్చి g విలువ కొలవాలి. నాకు 9.1 వచ్చింది. నా జతగాడు పందొమ్మిదేళ్ల కుర్రాడు, సరిపోతుందిలే, రాసేద్దాం అన్నాడు. నాకు మనసొప్పలేదు. పట్టా కింద చూస్తే ఒక కాలి కింద పాత సెక్షను వాళ్లు పెట్టిన మడత కాగితం ఉంది. అది తీసి మళ్లీ కొలిచేసరికి రాత్రి తొమ్మిదిన్నర. 9.7 వచ్చింది. కమ్యూనిటీ కాలేజీ ల్యాబుల్లో ముప్పై మంది లోపే ఉంటారు కాబట్టి అంత ఓపికగా ప్రొఫెసరు పక్కన నిలబడ్డారు. పెద్ద విశ్వవిద్యాలయాల మొదటి రెండేళ్లలో ఆ సావకాశం తక్కువ.

యూసీయా, సీఎస్‌యూనా, ఆన్‌లైనా?

పిల్లల కోసం వెతికేటప్పుడు ర్యాంకులు చూస్తాం. మన కోసం వెతికేటప్పుడు మ్యాపు చూడాలి. ఏడాదికి ఫీజు సీఎస్‌యూలో క్యాంపస్ రుసుములతో కలిపి సుమారు ఎనిమిది, తొమ్మిది వేల డాలర్లు. యూసీలో కాలిఫోర్నియా నివాసికి పదిహేను వేల చుట్టూ, క్యాంపస్ రుసుములు వేరు. నివాసి కాకపోతే యూసీలో అదనంగా ముప్పై వేలు దాటుతుంది, అప్పుడు ఆ మాట మర్చిపోవడమే.

యూసీకి కనీస అర్హత 2.4 జీపీఏ అని వెబ్‌సైటులో కనిపిస్తుంది. నివాసులు కానివాళ్లకు 2.8. ఆ అంకెలను నమ్మి ఇంజినీరింగ్‌కు దరఖాస్తు చేస్తే నిరాశే. బర్క్లీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌ల ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్‌లకు సీటు వచ్చేవాళ్లలో ఎక్కువమంది 3.8 పైనే. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు టాగ్ అనే ముందస్తు హామీ ఒప్పందం ఉంది. కానీ ఒక్క క్యాంపస్‌కే చేయాలి, పైగా ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్‌లలో కొన్నిటికి హామీ వర్తించదు, కొన్నిటికి జీపీఏ ఎక్కువ అడుగుతారు. ఆ ఏడాది పట్టిక చూసే నిర్ణయించుకోండి.

నాకు ఒక యూసీ క్యాంపస్‌లో సీటు వచ్చింది, రానూపోనూ నాలుగు గంటలు. సీఎస్‌యూలో భాగమైన శాన్‌హోసే స్టేట్ మా ఇంటికి అరగంట. బంధువులు "యూసీ వదులుకుంటావా" అన్నారు. మూడో ఏడాది ఇంజినీరింగ్‌లో వారానికి రెండు ల్యాబులు, జట్టు ప్రాజెక్టులు. ఆ నాలుగు గంటలు ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడి కంపెనీల్లో శాన్‌హోసే స్టేట్ ఇంజినీర్లు ఎంతమంది ఉన్నారో సిలికాన్ వ్యాలీలో పనిచేసే ఎవరినైనా అడగండి. ఒక్క మినహాయింపు: మీకు పరిశోధన మీద, పీహెచ్‌డీ మీద మనసుంటే, ఇల్లు బార్ట్ రైలు ఆరెంజ్ లైను మీద ఉండి బర్క్లీ ముప్పావు గంటలో చేరగలిగితే, యూసీ వైపే వెళ్లండి. బర్క్లీలో పిల్లలున్న విద్యార్థుల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది, ఆల్బనీలో కుటుంబాలకు ఇళ్లూ ఉన్నాయి.

సీఎస్‌యూలో ఇంకో తేడా: వ్యాసాలు అడగరు, మార్కులే చూస్తారు. యూసీకి నాలుగు ప్రశ్నలకు, ఒక్కొక్కటి 350 పదాల్లో, జవాబులు రాయాలి. విరామం ఎందుకొచ్చిందో చెప్పుకునే అవకాశం అది, మనలాంటివాళ్లకు కలిసొస్తుంది. కష్టాల చిట్టా కాకుండా ఏం చేశారో రాయండి.

ఆన్‌లైన్ సంగతి త్వరగా చెబుతాను. కంప్యూటర్ సైన్స్‌కు అది నిజమైన ప్రత్యామ్నాయమే. ఎలక్ట్రికల్‌కు అరిజోనా స్టేట్ లాంటివి ఆన్‌లైన్ డిగ్రీ ఇస్తున్నాయి. ఏబెట్, అంటే ఇంజినీరింగ్ కోర్సుల ప్రమాణాలను చూసే సంస్థ, గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. మెకానికల్, సివిల్‌కు మాత్రం ఇంట్లో కూర్చుని చదవమని నేను చెప్పను.

బ్రాంచి విషయంలో ఒక మాట: అందరూ కంప్యూటర్ సైన్స్ అంటున్నారని అటే వెళ్లకండి. అక్కడే తోపులాట ఎక్కువ, టాగ్ తలుపులూ అక్కడే మూసి ఉంటాయి. గొలుసు మొదటి మూడు సెమిస్టర్లు దాదాపు అన్ని బ్రాంచీలకూ ఒకటే కాబట్టి, కాస్త రుచి చూసి నిర్ణయించుకునే వ్యవధి ఉంటుంది.

కౌన్సెలరు దగ్గరకు వెళ్లేముందు

అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైటులో మీ కాలేజీ, మీరు కోరిన క్యాంపస్, బ్రాంచి ఎంచుకుంటే, ఏ కోర్సు ఏ కోర్సుకు సమానమో పక్కపక్కనే చూపిస్తుంది. మూడు క్యాంపస్‌ల పట్టికలు అచ్చు వేసుకుని, మూడింటిలోనూ ఉన్న కోర్సులకు రంగు పెన్సిలుతో గీత పెట్టండి. ముందు చదవాల్సినవి అవే. సాధారణ విద్యా కోర్సులన్నీ ముందే ముగించమని చెప్పేవాళ్లుంటారు. చరిత్ర విద్యార్థికి అది మంచి సలహాయే. ఇంజినీరింగ్‌కు గణితం, ఫిజిక్స్ ముందు, ఆ మిగతావి సందు దొరికినప్పుడు. సీఎస్‌యూలో సీటు హామీ ఇచ్చే అసోసియేట్ డిగ్రీ దారి కూడా ఇంజినీరింగ్‌కు లేనట్లే, భౌతికశాస్త్రం, గణితం లాంటివాటికే పనికొస్తుంది.

తేదీలు: టాగ్ సెప్టెంబరు నెలంతా. యూసీ, సీఎస్‌యూ దరఖాస్తులు అక్టోబరు 1 నుంచి నవంబరు చివరివరకు. జనవరిలో యూసీకి శరదృతువు మార్కులు నవీకరించాలి. అది మరచిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

చివరగా సీ గ్రేడు సంగతి. కమ్యూనిటీ కాలేజీలో డీ, ఎఫ్ వస్తే కోర్సు మళ్లీ తీసుకోవచ్చు. సీ వస్తే కుదరదు, అది మీ జీపీఏలో శాశ్వతంగా ఉండిపోతుంది. మధ్యలో మానుకుంటే డబ్ల్యూ పడుతుంది, జీపీఏకు నష్టం లేదు, కానీ ఒక ప్రయత్నం లెక్కలోకి వస్తుంది, మొత్తం మూడే. కాలిక్యులస్ 2లో రెండో పరీక్షకు నాకు 61 మార్కులు వచ్చాయి. మానుకునే గడువు సెమిస్టరులో ముప్పాతిక భాగం దగ్గర ఉంటుంది. గడువుకు ముందు రోజు ప్రొఫెసరు దగ్గర కూర్చుని, మిగతా రెండు పరీక్షల్లో ఎంత వస్తే బీ వస్తుందో కాగితం మీద లెక్కవేశాం. 84 కావాలి అని తేలింది. ఉంటాను అని చెప్పి, ఆ రాత్రి నుంచి మా చిన్నదాన్ని నిద్రపుచ్చే పని మావారికి అప్పగించాను.